నోటిలోని తెల్లపూత: దేహం పంపే తొలి కబురు



1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు కొరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేవి. నాటి నుండి ఇక్కడ నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు తోడు, సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారం, దామన్‌జోడి అల్యూమినా శుద్ధి కర్మాగారం, జేకేపూర్ కాగితపు మిల్లు, పట్టణాల వర్తకం మరెందరినో ఈ కొండల నడుమకు రప్పించాయి. బజారులో బేరమాడేందుకు చాలినంత ఒడియా అందరికీ అలవడింది. ఒంట్లోని బాధను వైద్యునికి చెప్పవలసినప్పుడు మాత్రం మాట తడబడుతుంది. ఆ సంకోచంతో పలువురు ఆసుపత్రికి బదులు మందుల దుకాణానికి వెళతారు. నోటిలోని తెల్లపూత విషయంలో ఈ అలవాటు ఎంత నష్టం కలిగించగలదో తెలుసుకోవడం అవసరం.

ఈ పూతకు కారణం కాండిడా అనే శిలీంధ్రం. రొట్టె పిండిని పొంగించే ఈస్ట్‌కు ఇది దూరపు బంధువు. ఆరోగ్యవంతులలోనూ అనేకుల నోటిలో ఇది ఏ హానీ చేయకుండా ఉంటుంది. లాలాజలం, తోటి సూక్ష్మజీవులు, దేహ రక్షణశక్తి అనే మూడు కాపలాలు దానిని అదుపులో ఉంచుతాయి. వీటిలో ఏది సడలినా అది విజృంభిస్తుంది. కనుక తెల్లపూత కనిపించినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న: సడలిన కాపలా ఏది?

అన్నిటికన్నా ముందు తలచుకోవలసినది మధుమేహం. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు లాలాజలంలోనూ పెరుగుతుంది, నోరు ఎండుతుంది, రక్షణ కణాల శక్తి తగ్గుతుంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. వారిలో తమకు ఆ వ్యాధి ఉన్నదని ఎరుగనివారు అనేకులు. అటువంటి వారిలో మాటిమాటికి వచ్చే తెల్లపూత, పెదవుల మూలల పగుళ్లు వ్యాధిని బయటపెట్టే తొలి గుర్తు కావచ్చును.

యాంటీబయాటిక్ మందులు నోటిలోని మేలుచేసే సూక్ష్మజీవులను కూడా నశింపజేసి శిలీంధ్రానికి చోటిస్తాయి. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు పీల్చిన వెంటనే నీటితో పుక్కిలించి ఉమ్మివేయాలి. కట్టుడు పళ్లను రాత్రివేళ తీసి, శుభ్రపరచి, నీటిలో ఉంచాలి. లేనిచో వాటి కింది అంగిలి ఎర్రబారుతుంది. ఇనుము, బి12 విటమిన్ లోపాలూ ఈ వ్యాధికి దోహదం చేస్తాయి. పసిబిడ్డల నోటిలో తెల్లపూత వచ్చినప్పుడు బిడ్డతో పాటు పాలిచ్చే తల్లికి కూడా చికిత్స అవసరం కావచ్చును.

ఏ కారణమూ లేని యువకులలో పూత దట్టంగా ఉండి, మింగినప్పుడు నొప్పి కలిగితే హెచ్‌ఐవి పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రులలోని సమీకృత సలహా, పరీక్షా కేంద్రాలలో ఇది ఉచితం. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం నిర్దేశిస్తున్నది.

తెలుపు రంగులో ఉన్నదంతా కాండిడా కాదు. కాండిడా పూత సాధారణంగా తుడిస్తే ఊడి, కింద ఎర్రదనం కనిపిస్తుంది. తుడిచినా పోని తెల్ల మచ్చ క్యాన్సర్‌కు ముందరి దశ కావచ్చును. ఖైనీ, గుడాకు, చుట్ట అలవాటు ఉన్నవారు దీనిని ముఖ్యంగా గమనించాలి. నిప్పు కొనను నోటిలో ఉంచుకొని చుట్ట కాల్చే అడ్డపొగ ఉత్తరాంధ్ర స్త్రీలలో పాత అలవాటు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, ఆ పొగ అంగిలిపై కలిగించే మార్పులను వివరంగా నమోదు చేసింది. సరిహద్దు దాటి వచ్చినా అలవాటు వెంట వచ్చిన ఇళ్లలో పెద్దల అంగిలిని ఒకసారి చూపించడం మంచిది.

చికిత్స కష్టమైనది కాదు. క్లోట్రిమజోల్ నోటి మందు, నిస్టాటిన్ చుక్కలు, అవసరమైతే ఫ్లుకోనజోల్ మాత్రలు వైద్యులు సూచిస్తారు. ఈ మాత్రలు రక్తాన్ని పలుచబరచే మందులతోనూ, కొన్ని మధుమేహ మందులతోనూ కలిస్తే ప్రమాదకరం కాగలవు. వాటిని స్వయంగా కొని వాడరాదు. నాలుకను గట్టిగా గీకడం వల్ల పుండు మిగులుతుంది, రోగం పోదు. ఒంటినిండా ఈస్ట్ నిండినదని భయపెట్టి అమ్మే శుద్ధి చూర్ణాలతో సొమ్ము వృథా. ఈ శిలీంధ్రం రక్తంలోకి చేరడం ప్రధానంగా ఆసుపత్రిలో తీవ్ర అస్వస్థతతో ఉన్నవారిలో జరుగుతుంది. అట్టి ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కాండిడా ఆల్బికన్స్‌ను అత్యంత ప్రాధాన్యం గల శిలీంధ్రాల జాబితాలో చేర్చింది.

ముప్పై ఏళ్లు దాటినవారికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలలో రక్తపోటు, మధుమేహం, నోటి క్యాన్సర్ పరీక్షలు ఉచితం. పై వైద్యానికి రాయగడలో జిల్లా ప్రధాన ఆసుపత్రి, కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. భాష అడ్డు కానక్కరలేదు. నాలుకను ఒడియాలో జిభ అంటారు. తెలుపును ధళా అంటారు. మధుమేహం అక్కడా మధుమేహమే. ఈ మూడు మాటలతో సంభాషణ మొదలవుతుంది.

రెండు వారాలకు మించి నిలిచిన పూతను, మానినా మళ్లీ వచ్చిన పూతను వైద్యునికి చూపించి, చక్కెర పరీక్ష అడిగి చేయించుకోవాలి. పూతకు మందు వేసి, దానికి మూలమైన వ్యాధిని వదిలివేయడం కబురు తెచ్చినవానిని పంపివేసి ఉత్తరం చదవకుండా ఉండటమే.