కృతజ్ఞతకు పేర్లున్నవి

(శతవార్షికోత్సవ సందర్భమున కృతజ్ఞతార్పణ ఆరాధనలో స్త్రీల సమాజము తరఫున చేసిన ప్రసంగము)



ఈ దినము బలిపీఠము ముందటి బల్ల నిండియున్నది. కందులు, జొన్నలు, గుమ్మడికాయలు, రెండు నాటుకోళ్ళు, ఎవరో తెచ్చిన కొత్త చీర. ఆరాధన ముగిసిన పిమ్మట హర్రాజులో ఆ పెద్ద గుమ్మడికాయ ఎంత పలుకుతుందో అని పిల్లలు ఇప్పటినుండే చూచుచున్నారు. కృతజ్ఞత అను మాట మనకు కొత్తది కాదు. అయినను ఆ మాటను మేము సగమే నేర్చుకున్నామేమో అను అనుమానము మాకు కలిగినది. అది రైలుబండిలో కలిగినది.

మేము ఐదుగురము స్త్రీల కూటమునకు వికారాబాదు నుండి తాండూరుకు ప్యాసింజరు బండిలో పోవుచున్నాము. ఇది నిజాము కాలమున 1874లో తెరచిన దారి. మన పెద్దలలో ఎందరో ధారూరు జాతరకు మూటాముల్లెతో ఈ దారినే పోయినారు. ఆ ఉదయము బండి కదలగానే ఒక మనిషి తెల్లని కర్రతో, మెడలో సంచితో, పల్లీపట్టీలు అమ్ముకొనుచు మా వైపు వచ్చినాడు. రెండు కండ్లకూ చూపు లేదు. ఆయనను చూడగానే మాలో ఒక అక్క చేతులు జోడించి, “దేవుడు మనకు కండ్లిచ్చినాడు, ఆయనకు స్తోత్రము” అన్నది. మిగిలినవారము మెల్లగా ఆమెన్ అన్నాము.

చూపు లేనివారికి చెవులుండునని మేము మరచితిమి. ఆయన నిలబడి నవ్వి, “నన్ను చూసి దేవునికి దండం పెట్టుకుంటున్నరా అమ్మా? పెట్టుకోండ్రి. పట్టీలు గూడ కొనుండ్రి” అన్నాడు.

మేము ఎక్కడ చూడవలెనో తెలియక కిటికీలోనుండి అనంతగిరి వైపు చూచితిమి. లూకా సువార్త 18వ అధ్యాయములో దేవాలయమునకు పోయిన పరిసయ్యుడు సుంకరిని చూపి, తాను అతనివంటివాడు కానందుకు దేవునికి స్తోత్రము చెల్లించెను గదా. ఆ వాక్యముపై మేము ఎన్నో ప్రసంగములు విన్నాము. ఆదివారపు బడి పిల్లలకు చెప్పియున్నాము కూడా. ఆ పరిసయ్యుడు టికెట్టు కొని మా బల్లమీదనే కూర్చున్నాడని మాకు అప్పుడు తెలిసినది.

సిగ్గుతో మాలో ఒకరు తొందరగా ఒక నోటు ఆయన చేతిలో పెట్టి, చిల్లర ఉంచుకొమ్మన్నారు. ఆయన ఆ నోటును రెండు వేళ్ళ నడుమ పెట్టి కొలిచినాడు. “ఇది వంద గాదమ్మా, రెండొందలున్నది” అని తిరిగి ఇచ్చినాడు. కొత్త నోట్లలో వంద 142 మిల్లీమీటర్ల పొడుగు, రెండు వందలది 146, ఐదు వందలది 150. అనగా నోటుకు నోటుకు తేడా నాలుగు మిల్లీమీటర్లే. ఈ లెక్క మేము ఇంటికి వచ్చి బద్దతో కొలిచి తెలుసుకొన్నది. నోటు గుర్తుపట్టి చెప్పుటకు రిజర్వు బ్యాంకు 2020లో ఫోనులో ఒక సాధనము తెచ్చినది గాని, కదిలే బండిలో ఒక చేత కర్ర, ఒక చేత సంచి పట్టుకొన్నవాడు ఫోను ఎక్కడ పట్టుకొనును?

ధారూరు దాటిన తరువాత జనము పలుచబడినది. ఆయన మా ఎదుట కూర్చున్నాడు. చిన్నతనములో తట్టు పోసి చూపు పోయినదట. ఆ కాలమున ఇది మన పల్లెలలో చాల ఇండ్లలో జరిగినది. పోషణ చాలని పిల్లకు తట్టు సోకినప్పుడు ఒంటిలోని ఎ విటమిను తరిగిపోవును. కంటి నల్లగ్రుడ్డు మీది పొర మెత్తబడి చెడిపోవును. ఇప్పుడు ఇది మిక్కిలి తగ్గినది. 1970 నుండి పిల్లలకు ఎ విటమిను మందు పోయుట, 1985 నుండి తట్టు టీకా అందరికీ చేర్చుట అందుకు ముఖ్య కారణములు.

ఆయన మాటలలో మమ్మును పట్టుకొన్నది మరియొకటి. ఆ ఉదయము మొదలుకొని తనకు సాయపడినవారిని ఆయన పేరుపేరున చెప్పినాడు. బండి వేరే ప్లాటుఫారము మీదికి వచ్చుచున్నదని కేకవేసి చెప్పిన కూలీ పేరు. వేడి గ్లాసును ఎల్లప్పుడు ఒకే చోట, తన కుడిచేతి దగ్గరనే పెట్టు చాయ్ అమ్మ పేరు. హైదరాబాదులో చుక్కల అక్షరములు వేళ్ళకు నేర్పిన సారు పేరు. ఆ సారు పోయి ఇరువది ఏండ్లయినదట. అయినను పేరు చెప్పునప్పుడు ఆయన గొంతు తగ్గినది.

ఇంతలో బండి తాండూరు దగ్గరపడినది. మేము చూడకముందే, “రాయి కోసే మిషిన్ల సప్పుడు ఇనవడుతున్నది, మూటలు సర్దుకోండ్రి” అని ఆయనే చెప్పినాడు.

ఆ దినము కూటములో సాక్ష్యములు చెప్పు సమయము వచ్చినది. మనము ఎట్లు చెప్పుదుమో మీకు తెలియును. మంచి ఆరోగ్యము, మంచి ప్రయాణము, పిల్లల చదువు, అన్నిటికి స్తోత్రము. మేము లేచి ఒక ప్రశ్న అడిగితిమి. మన పిల్లల నోటిలో ఆ ఎ విటమిను మందు పోసిన నర్సమ్మ పేరు ఏమి? తట్టు టీకా వేసినది ఎవరు? ఎండలో నడిచి మన గడపకు వచ్చి, పిల్ల ఏడ్చుచుండగా పట్టుకొని పోసినది. మన పిల్లల చూపు నిలుచుటలో ఆమె చేతి పనియు ఉన్నది. ఆ గదిలో ఇరువది మందికి పైగా తల్లులమున్నాము. ఒక్కరికీ పేరు తెలియలేదు.

యేసుప్రభువు చూపునిచ్చినవారు సువార్తలలో పలువురున్నారు. వారిలో పేరు వ్రాయబడినవాడు యెరికో దారిని కూర్చున్న బర్తిమయి ఒక్కడే. జనులు అతనిని ఊరకుండుమని గద్దించిరి. ప్రభువు నిలిచి, తానేమి చేయగోరుచున్నావని అతనినే అడిగెను. చూపు లేనివానికి ఏమి కావలెనో ప్రభువునకు తెలియదా? అయినను అడిగెను. మేమైతే ఆ బండిలో అడుగకయే స్తోత్రము చెప్పి ముగించితిమి.

ఇక్కడ ఫానీ క్రాస్బీ అమ్మగారి మాట ఎవరైనా ఎత్తుదురు. పసికందుగా ఉన్నప్పుడే చూపు కోల్పోయి, ఎనిమిది వేలకు పైగా కీర్తనలు వ్రాసి, 1915లో 94వ ఏట ప్రభువునందు నిద్రించిన మెథడిస్టు భక్తురాలు. ఆమె తన అంధత్వమునకు సహితము దేవుని స్తుతించెనని బోధకులు చెప్పుదురు. అది ఆమె చెప్పదగిన మాటయే గాని, ఆమె పక్షమున మనము చెప్పదగినది కాదని మా అభిప్రాయము. ఆమె 1835లో న్యూయార్కు అంధుల పాఠశాలలో చేరి, చదువుకొని, తరువాత అక్కడనే పాఠములు చెప్పెను. ఆ బడి తలుపు తెరచినవారిని ఈ కథలో ఎవరును తలచరు.

ఇప్పుడు మన గుడి సంగతి. ఇది చెప్పుట కష్టమే, అయినను పెద్దలు క్షమించవలెను. వెనుక బల్లమీద ఎడమ ప్రక్కన ఒక అవ్వ కూర్చుండును. చూపు పోయి చాల ఏండ్లయినది. పాతకాలమున ముందు ఒకరు పాట వరుస చెప్పుట, వెనుక సంఘమంతా పాడుట ఉండెను. అక్షరము రానివారును, చూపు లేనివారును ఆ విధముగా పాటలన్నీ నేర్చిరి. కొన్నేండ్ల క్రితము గోడకు తెర కట్టి, పాట మాటలు దానిమీద చూపుచున్నాము. అందుకు చందా వసూలు చేసినది మా స్త్రీల సమాజమే. ఆనాడు కూడా స్తోత్రములు చెప్పితిమి.

తాండూరు నుండి వచ్చిన తరువాతి ఆదివారము మేము ఆ అవ్వ ప్రక్కన కూర్చున్నాము. కొత్త పాట వచ్చినది. సంఘమంతయు తెర చూచి పాడినది. ఆమె పెదవులు కదలలేదు. ఎందుకు పాడుటలేదని అడిగితిమి. “ఎవరూ వరుస చెప్తలేరు బిడ్డా” అన్నది. ఆమె గొంతు ఒకప్పుడు ధారూరు జాతరలో చివరి డేరా వరకు వినబడెడిదని పెద్దలు చెప్పగా అప్పుడు తెలిసినది. ఆమె ఎవరిమీదను ఫిర్యాదు చేయలేదు. పైగా ప్రతి ఆదివారము తనను చేయి పట్టి మెట్లు ఎక్కించు పిల్లవాని పేరు చెప్పి, వానికొరకు ప్రార్థించుమని మమ్మును కోరినది. ఆ పిల్లవాడు మన వీధివాడే. వాడు ఈ పని చేయుచున్నాడని మాకు తెలియదు.

బండిలోని ఆ సహోదరుడు తరువాత మరి రెండుసార్లు కలిసినాడు. మేము నోరు తెరువగానే, “వికారాబాదు అమ్మలు” అని గుర్తుపట్టినాడు. మొదటిసారి ఆయన పేరు మేము అడుగనేలేదు. రెండవసారి అడిగితిమి. సంచికలో వేయుదుమా అంటే, “వద్దు, బండిలో పిలువుండ్రి సాలు” అన్నాడు.

పాస్టరు గారి అనుమతితో ఈ పూట తెర ఆపివేసియున్నాము. పుస్తకములున్నవారు మూసి ఉంచవలెనని మనవి. అవ్వను ఆ పిల్లవాడు ముందుకు తీసుకొని వచ్చుచున్నాడు, కొంచెము దారి ఇయ్యండి. ఆమె మొదటి వరుస చెప్పును. మనము ఆమె వెనుక పాడుదము.