బడలిన గురువు తేరుకొనుట

గురువును దీపముతో పోల్చుట మన వాడుక. తాను కాలిపోవుచు పరులకు వెలుగు నిచ్చునని, సెప్టెంబరు 5వ తేదీన ప్రతి పాఠశాలలోను ఎవరో ఒకరు చెప్పుదురు. ఈ పోలిక వినుటకు బాగున్నది గాని, దీపమును శ్రద్ధగా చూచినవారు చెప్పునది వేరు. ప్రమిదలో చమురున్నంతవరకు కాలునది చమురే. వత్తి చాలసేపు నిలుచును. చమురు తీరిన పిమ్మట వత్తి మాడును. అప్పుడు వెలుగు తగ్గును, పొగ హెచ్చును. వత్తి మాడుచున్నప్పుడు దాని త్యాగమును పొగడుట కంటె, చమురు పోయువారెవరని విచారించుట మేలు. ఉపాధ్యాయులు వృత్తిలో బడలి, తిరిగి తేరుకొనుటను గూర్చి ఈనాడు నేను మనవి చేయదలచినది ఇంతే.

ముందుగా అలసటకును, ఈ బడలికకును గల భేదమును గుర్తింపవలెను. దినమునకు ఆరు పీరియడ్లు చెప్పి, గొంతు బొంగురుపోయి, ఇంటికి వచ్చి నిద్రించిన తీరునది అలసట. ఆదివారము గడచినను, దసరా సెలవులు గడచినను తీరనిది మరియొకటి కలదు. దానిని ఇంగ్లీషున బర్నౌట్ అందురు. మన మాటలో చెప్పవలెనన్న, మాడిపోవుట. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మాటను శాస్త్ర చర్చలోనికి తెచ్చెను. న్యూయార్కు నగరములో ఒక ఉచిత వైద్యశాలలో ఉత్సాహముతో చేరి, కొంతకాలమునకే నీరసించిపోయిన సేవకులను ఆయన చూచెను. సోమరులు మాడిపోరు, పనిలో ఎక్కువ మనసు పెట్టినవారే మాడిపోవుదురు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఒక నిర్వచనము నిచ్చెను. ఆ సంస్థ దీనిని వ్యాధిగా లెక్కింపలేదు. పనిచోట చిరకాలము పేరుకొని, చక్కదిద్దబడని ఒత్తిడి వలన కలుగు స్థితి అని చెప్పెను. లక్షణములు మూడు: శక్తి హరించిపోవుట, పనియెడల మనసు దూరమగుట, పని చేతకాకున్నదని తోచుట. తరగతి గదిలో ఇవి ఇట్లు కనిపించును. ఉదయము పిల్లల గోల వినగానే గుండె బరువెక్కును. ప్రశ్న అడిగిన పిల్లవానిమీద ముచ్చట కలుగుటకు మారుగా విసుగు కలుగును. పది సంవత్సరములుగా చెప్పుచున్న పాఠమే అయినను, నేను చెప్పిన దానివలన ఎవరికేమి ఒరిగినదను నిరాశ మిగులును.

మన నగరములో ఈ మాట తరచుగా వినవచ్చు స్థలము ఒకటి కలదు. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుండి, మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము గ్రామపు రూపును విడిచి గాజు మేడలతో నిండినవి. 2019లో మెట్రో రైలు కూడ అచటికి చేరినది. ఆ మేడలలో పనిచేయు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తమ బడలికను గూర్చి మాటలాడుదురు. కొన్ని కంపెనీలు వారికొరకు సలహాదారులను కూడ నియమించినవి. ఆ మేడల వెనుక సందులలో ఉన్న పాఠశాలలలో మాత్రము ఈ మాట అంతగా వినబడదు. ఆ ఉద్యోగుల పిల్లలకు చదువు చెప్పువారు, ఆ మేడలను కట్టిన కూలీల పిల్లలకు చదువు చెప్పువారు, ఉభయులును అచటనే బడలుచున్నారు.

ఆ ప్రాంతపు ప్రైవేటు పాఠశాలలో పనిచేయు ఉపాధ్యాయిని దినచర్యను ఊహించి చూడుడు. తెల్లవారుజామున లేచి, వంట చేసి, ఇంటివారికి డబ్బాలు కట్టి, ట్రాఫిక్కునకు వెరచి ముందుగానే బయలుదేరును. బడిలో పాఠములతో పాటు బస్సు వద్ద కాపలా, ఉత్సవముల అలంకరణ, ఫొటోలు తీసి పంపుట. సాయంకాలము ఇల్లు చేరిన పిమ్మట ఫోను మ్రోగును. తల్లిదండ్రులకు తమ కార్యాలయపు పని ముగియునది రాత్రియే గనుక, వారి ప్రశ్నలు కూడ రాత్రియే వచ్చును. జీతము చూతమా, ఆమె ఎదుట కూర్చుండు తల్లిదండ్రుల జీతములో అది ఒక చిన్న పాలు.

ప్రభుత్వ పాఠశాలలో చిక్కులు వేరు. శేరిలింగంపల్లి వైపు బడులలో ఒడిశా, బీహారు, పాలమూరు మొదలగు చోట్లనుండి వచ్చిన కూలీల పిల్లలు చేరుదురు. ఒకే తరగతిలో మూడు నాలుగు ఇంటిభాషలుండును. కట్టడపు పని ముగియగానే కుటుంబము మరియొక చోటికి తరలిపోవును. అక్షరములు వచ్చుచున్న పిల్లవాడు ఒక సోమవారము కనబడడు. 2022లో ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చినప్పుడు ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న పుస్తకములు వచ్చినవి. రెండు పుటలును అర్థము కాని పిల్లవానికి బోధించు భారము ఉపాధ్యాయునిపైననే పడినది.

దీనిపై కరోనా కాలపు గాయము కూడ కలదు. 2020 మార్చిలో బడులు మూతపడినవి. ఆ సెప్టెంబరు నుండి పాఠములు టీవీలోను, ఫోనులోను సాగినవి. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు అనేకులు జీతములు కోల్పోయి, కూరగాయలు అమ్మి, కూలికి పోయి బ్రతికిరి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించవలసి వచ్చెను. తన వృత్తి ఎంత పలుచని పునాదిపై నిలిచియున్నదో అప్పుడు చూచినవారు దానిని సులభముగా మరువలేరు.

ఇక తేరుకొను మార్గమేది? మొదట శరీరమును వైద్యునికి చూపించుకొనవలెను. రక్తహీనత, థైరాయిడ్ లోపము, మధుమేహము కూడ ఇట్టి నీరసమునే కలిగించును. నిద్ర పూర్తిగా చెడినను, బ్రతుకుపై ఆశ సన్నగిల్లినను, ఇది ఉద్యోగపు బడలికయేనని సరిపెట్టుకొనరాదు. మానసిక వైద్యుని తప్పక చూడవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ అను సహాయ సేవకు 14416 నంబరున ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. ఎర్రగడ్డ పేరు ఎత్తుటకే మనవారు సిగ్గుపడుదురు. గొంతు పోయిన గొంతు వైద్యుని వద్దకు పోవువారు, మనసు నలిగినప్పుడు మనసు వైద్యుని వద్దకు పోవుటలో సిగ్గేమున్నది?

రెండవది సెలవు. సెలవు అవసరమే గాని, దానిపై పూర్తిగా ఆధారపడరాదు. 1997లో ఇజ్రాయెల్‌కు చెందిన వెస్ట్‌మన్, ఈడెన్ అను పరిశోధకులు ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఉద్యోగులను సెలవునకు ముందును, సెలవులోను, తరువాతను పరీక్షించిరి. సెలవులో బడలిక తగ్గినది. పనికి తిరిగి వచ్చిన మూడు వారములకు యథాస్థితికి చేరినది. వేసవి సెలవుల తరువాత జూన్‌లో బడి తెరచి, నెల తిరుగకముందే మరల నీరసించు ఉపాధ్యాయులకు ఈ సంగతి అనుభవమే. సెలవు ప్రమిదలో చమురు పోయును గాని, ప్రమిదకు పడిన చిల్లును పూడ్చదు.

ఆ చిల్లును వెదకుట మూడవ పని. ఒక వారము రోజులు తాను చేసిన ప్రతి పనిని ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. ఒక వైపున పాఠము, దానికి సిద్ధపడుట, దిద్దుబాటు; రెండవ వైపున తక్కినవన్నియు. ఐదు సెక్షన్లకు పాఠము చెప్పువారిని తీసికొనుడు. సెక్షనుకు నలుబదిమంది అయిన, నోటుపుస్తకములు 200. పుస్తకమునకు రెండు నిమిషముల వంతున 400 నిమిషములు, అనగా ఆరు గంటల నలుబది నిమిషములు! ఇది ఏ టైంటేబిలులోను కనిపించని పని. లెక్క కంటికి కనిపించినప్పుడు ఉపాయము కూడ తోచును. దినమునకు ఒక్క సెక్షనులో ఎనిమిది పుస్తకములు మాత్రము నిశితముగా చూచి, తక్కినవానిలో సామాన్యమైన తప్పులను నల్లబల్లపై పిల్లలచేతనే దిద్దించవచ్చును. ఫోనునకు సాయంకాలము ఒక అరగంట కేటాయించి, ఆ సంగతి తల్లిదండ్రులకు ముందుగానే మర్యాదగా తెలియజేయవచ్చును.

నాల్గవది తోడు. బడలినవారు మొదట చేయునది, స్టాఫ్‌రూములో మాటలు తగ్గించుట. నేనొక్కతెనే అసమర్థురాలనని తలచుటవలన అట్లు జరుగును. నమ్మదగిన ఒక సహోద్యోగితో వారమునకు ఒకమారు మనసు విప్పి మాటలాడినచో, ఇరువురి కథయు ఒకటేనని తెలియును. అయితే ఆ మాటలు కేవలము నిందలుగా ముగియక, రేపు ఎనిమిదవ తరగతిలో ఈ పాఠమెట్లు చెప్పుదమను మాటతో ముగియుట మంచిది.

ఐదవది అన్నిటికంటె సూక్ష్మమైనది. శక్తి తగ్గినచో విశ్రాంతి దానిని తెచ్చును. చేతకాకున్నదను భావమును మాత్రము విశ్రాంతి పోగొట్టలేదు. పని ఫలించుట కన్నులారా చూచినప్పుడే అది పోవును. కనుక తేరుకొనుచున్న ఉపాధ్యాయుడు పెద్ద ప్రతిజ్ఞలు చేయరాదు. చదువు రాని ఒక్క పిల్లవానిని ఎన్నుకొని, దినమునకు పది నిమిషములు కేటాయించి, వాడు ఎన్ని పదములు చదివెనో వారము వారము వ్రాసికొనవలెను. మూడు పదములు పది యగుట, పది ఇరువది యగుట చూచిన కన్నులకు తన వృత్తి మరల తనదిగా కనిపించును.

ఇంతవరకు చెప్పినది ఉపాధ్యాయుడు తన చేతితో చేసికొనగలిగినది. ఇది సగము మాత్రమే. ఈ విషయమును చిరకాలము పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లీటర్ 1997లో మాడిపోవుటకు ఆరు తావులు చూపిరి: పనిభారము, స్వాతంత్ర్య లోపము, తగిన ప్రతిఫలము లేకుండుట, తోడు లేకుండుట, అన్యాయము, విలువల సంఘర్షణ. వీనిలో ఎన్ని ఉపాధ్యాయుని చేతిలో ఉన్నవి? యాజమాన్యములు ధ్యానముపై ఒక గంట ఉపన్యాసము పెట్టించి, అదే సాయంకాలము మరియొక రిజిస్టరు చేతికిచ్చినచో ప్రయోజనమేమి?

చట్టము ఈ సంగతిని ఎరుగకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునికి వారమునకు కనీసము 45 గంటల పని నిర్ణయించుచు, పాఠమునకు సిద్ధపడు కాలమును కూడ ఆ గంటలలోనే చేర్చినది. సిద్ధపడుట కూడ పనియేనని దీని అర్థము. అదే చట్టపు 27వ సెక్షను, జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతరమైన విద్యేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగింపరాదన్నది. అయినను 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వేకు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను వినియోగించినప్పుడు, ఆ బడులు ఒంటిపూట నడచినవి. సర్వే ప్రయోజనమెట్టిదైనను, ఆ సగము పూట చదువు పోయినది పిల్లలకే.

ప్రధానోపాధ్యాయుడు దినమునకు ఒక పీరియడు నిజముగా ఖాళీగా ఉంచగలడు. యాజమాన్యము రాత్రి సందేశములకు జవాబు కోరకుండ ఉండగలదు. తల్లిదండ్రులు, తమ మేనేజరు రాత్రి పదింటికి పిలిచిన తమకెట్లుండునో ఒక్క క్షణము తలచుకొనగలరు. ఇవి ఖర్చు లేని పనులు. జీతము విషయము ఖర్చుతో కూడినదే. అయినను బిడ్డను అప్పగించువారికి తగిన జీతమియ్యక మంచి చదువును కోరుట న్యాయము కాదు.

అన్ని విధముల ప్రయత్నించినను ఒక బడిలో ఊపిరి ఆడకున్నచో, మరియొక బడికి పోవుట ఓటమి కాదు. కొంతకాలము వృత్తికి దూరముగా ఉండుట కూడ ఓటమి కాదు. తేరుకొనినవారు పూర్వమువలె అన్నిటికి తల ఊపరు; కొన్నిటికి మర్యాదగా కాదందురు. దానిని ఉత్సాహలోపమని తలపరాదు. ఆ ఒక్క మాట నేర్చుకొనుటవలననే వారు ముప్పది సంవత్సరములు పిల్లల ముందు నిలువగలుగుదురు.