ఇల్లు అమ్మే ముందు రంగులా, కాగితాలా?

ఈ రోజు థియరీ ఏమీ లేదు, మా ఇంటి కథే చెప్తాను.

నాన్న పోయిన రెండేళ్లకి హైదరాబాద్‌లో మా ఇల్లు అమ్మాలనుకున్నాం. 150 గజాలు, పైన ఒక పోర్షన్. నేను చేసిన మొదటి పని ఏంటంటే, పెయింటర్‌ని పిలవడం. పుట్టీ, రెండు కోట్లు రంగు, గేటుకి పెయింటు... మొత్తం లక్షా డెబ్బై వేలు. వెనక బెడ్‌రూమ్ గోడకి చెమ్మ ఉండేది. దాని మీద కూడా పుట్టీ పెట్టించేశా. తప్పే, ఒప్పుకుంటున్నా. చూడ్డానికి వచ్చిన పెద్దాయన ఆ గోడ మీద చెయ్యి పెట్టి, "బాబూ, పైన బాత్రూమ్ ఇటేనా?" అన్నారు. అంతే! ఆ తర్వాత ఇంట్లో ప్రతి గోడనీ అనుమానంగానే చూశారు. చివరికి ఆ లీకేజీ బాగు చేయించడానికి అయింది పద్దెనిమిది వేలు.

అయినా ఆయన కొంటానన్నారు. అసలు దెబ్బ కాగితాల దగ్గర తగిలింది. వాళ్ల లాయర్ ఒరిజినల్ సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ, ప్లాను, ఇంటి పన్ను రసీదు అడిగారు. ఇంటి పన్ను ఇంకా నాన్న పేరు మీదే వస్తోంది. నాన్న వీలునామా రాయలేదు. ఇల్లు ఆయన సొంత సంపాదన, నానమ్మ కూడా లేదు కాబట్టి అమ్మకి, అక్కకి, నాకు సమాన వాటాలు. అంటే ముగ్గురం సంతకం పెట్టాలి. అక్క డల్లాస్‌లో ఉంటుంది. "అక్క ఫోన్‌లో ఓకే అంది సార్" అన్నాను. లాయర్ గారు నవ్వారు.

అక్క అక్కడ భారత కాన్సులేట్ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపింది. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి, గుర్తుపెట్టుకోండి. ఇదంతా అయ్యేలోపు ఆ పెద్దాయన వేరే ఇల్లు కొనుక్కున్నారు. అమ్మ ఆ రోజు ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

ఇంకో విషయం. 50 లక్షలు, ఆపైన రేటు ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కట్ చేస్తారు కదా, ఎన్నారై వాటాకి ఆ 1 శాతం వర్తించదు, చాలా ఎక్కువ పోతుంది. తక్కువ కోతకి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల దగ్గర ముందే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దానికీ టైమ్ పడుతుంది. అడ్వాన్స్ కూడా క్యాష్‌లో వద్దు. 20,000, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పడొచ్చు.

నా రంగుల బిల్లు సంగతి అడిగితే ఆడిటర్ పక్కన పెట్టేశారు. లాభం మీద పన్ను లెక్కలో మామూలు పెయింటింగ్ చెల్లదట. నాన్న పై పోర్షన్ కట్టినప్పటి సిమెంటు, ఇనుము బిల్లులు మాత్రం పనికొచ్చాయి. బీరువాలో చీరల కవర్లో దాచారు, తేదీల వారీగా పిన్ను కొట్టి మరీ.

రెండోసారి వచ్చిన వాళ్లకి ముందు ఫైలు ఇచ్చాను. తర్వాత ఆ చెమ్మ గోడ, రిపేరు బిల్లు నేనే చూపించాను. పెద్దగా బేరం కూడా ఆడలేదు.

ఈసీ ఆన్‌లైన్‌లో ఎలా తీయాలో వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చూపిస్తా. ఉంటానండీ.