నేరమునకు జాతి కలదా?



ఊరిలో నొక యింట దొంగతనము జరిగినదనుకొందము. రచ్చబండయొద్ద పెద్దలు కూడుదురు. పోయిన సొమ్మెంతయని యడుగుటకు ముందే యొక కులము పేరు నోటికి వచ్చును. "వారు గాక మఱెవరు?" అందురు. ఈ మాట యెక్కడ పుట్టినది? విద్వాంసులు దీనిని పరిశోధించి కనుగొన్నదేమి? అను విషయమును నేడు మనవి చేయుదును.

1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసినది. వడ్రంగమును నేతయు కులవృత్తులైనట్లే చౌర్యమును కొన్ని జాతులకు కులవృత్తియని నాటి యధికారుల వాదము. మొదట ఉత్తర హిందూస్థానమున నమలైన యా పద్ధతి 1911 నాటి చట్టముతో మదరాసు రాజధానికిని వచ్చినది. పట్టికకెక్కిన జాతివారు వ్రేలిముద్రలియ్యవలెను. పిలిచిన వేళకు హాజరు చెప్పవలెను. చీటి లేక యూరు దాటరాదు. మన యెఱుకలవారిందు చిక్కుకొనిరి. బాపట్ల ప్రాంతమందలి స్టూవర్టుపురము అట్లేర్పడిన నివాసమే. మదరాసు ప్రభుత్వమున నున్నతాధికారియైన హెరాల్డు స్టూవర్టు పేరు దానికి పెట్టబడినది.

వీరు పుట్టుకతో దొంగలనుటకు జూపిన ప్రమాణము పోలీసు లెక్క. తర్కము చదివినవారికిందలి దోషము తోడనే కనబడును. చీటి లేక ప్రక్కయూరికి బోయినవాడు శిక్షితుడగును. ఆ శిక్ష లెక్కకెక్కును. ఆ లెక్కను జూపి, వీరు నేరస్థులేయని చట్టమును బిగింతురు. చట్టమునకు లెక్క యాధారము, లెక్కకు చట్టమాధారము. దీనినే మన శాస్త్రకారులు అన్యోన్యాశ్రయ దోషమనిరి.

1947లో మదరాసు ప్రభుత్వము ఈ చట్టమును రద్దుచేసినది. తిరుచానూరువారైన అనంతశయనం అయ్యంగారి యధ్యక్షతను 1949లో నియమింపబడిన సంఘము విచారించి, దేశమంతటను దీనిని తొలగింపవలెనని చెప్పినది. 1952 ఆగస్టు 31వ తేదీన చట్టము పోయినది. మాట మాత్రము పోలేదు.

ఆ మాటను పరీక్షించినవారు చరిత్రకారులు. మీనా రాధాకృష్ణగారు ప్రభుత్వ పత్రములను శోధించి 2001లో నొక గ్రంథము ప్రకటించిరి. ఎఱుకల, కొరవ కుటుంబములు పూర్వము పశువులపై నుప్పును ధాన్యమును వేసికొని కోస్తాకును మెట్టసీమలకును నడుమ తిరిగిన వర్తకులని యందు నిరూపించిరి. రైళ్లు వారి బేరమును హరించినవి. ఉప్పుపై ప్రభుత్వపు నిర్బంధము బిగిసినది. ధాత కఱవని మన పెద్దలు చెప్పుకొనిన 1876-78 నాటి క్షామమున పశువులు నశించినవి. తిరుగుటయే జీవనమైనవారికి తిరుగుటయే నేరమైనది.

ఇట్టి పరిశోధన గ్రంథాలయములయందే నిలిచిపోలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, కారాగారములలో కులమునుబట్టి పనులు పంచు నియమములను కొట్టివేయుచు, 1871 నాటి చట్టచరిత్రను విపులముగా చర్చించినది.

అట్లైన ఆ జాతిలో దొంగలే లేరా యని మీరడుగవచ్చును. ఏ జాతిలో లేరు? నేరము చేసినవానిని సాక్ష్యముతో పట్టి శిక్షింపవలసినదే. ఆ శిక్ష వానితో ముగియవలెను. వాని తమ్మునికిని బిడ్డకును అంటరాదు.

ఒక మాట దాచక చెప్పెదను. నేనుపాధ్యాయుడనై యుండగా నొకనాడు బడిలోని యిత్తడి గంట కనబడలేదు. నేను మొట్టమొదట పిలిచి గద్దించినది యొక యెఱుకల బాలుని. మఱునాడు గంట అటుకమీద దొరకినది. బాలుడు మాత్రము మరల బడికి రాలేదు. తర్కసంగ్రహము చదివి, పదిమందికి పాఠము చెప్పిన నేను ఆ దినమున ప్రమాణమడుగుట మఱచితిని. ఆ పాపము నాది.

పెద్దలారా! మీ మాట యూరిలో తీర్పువంటిది. కావున ఈసారి రచ్చబండయొద్ద నెవరైనను ఒక కులము పేరెత్తినచో, చూచినవారెవరు, సాక్ష్యమేమి యని మీరు ముందుగా నడుగుడు. బదులు రాకున్న నా పేరును అక్కడనే యాపుడు. పండితులు ఏండ్ల తరబడి పత్రములలో వెదకి తేల్చినది మీ యొక్క ప్రశ్నతో నూరికి చేరును.

సెలవు.