పెరటి తోటకు ముందు పెంట గుంట

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం మహిళా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పురుగుమందులు, రసాయనపు ఎరువులు లేకుండా ఇంటి కూరలు పండించుకోవడం ఎలాగో చెప్పమన్నారు. పట్నంలో అయితే ముందు ఎరువు బస్తా కొనాలి. మనకు ఆ బాధ లేదు. ఒక్క పాడిగేదె రోజుకు 10 నుంచి 15 కిలోల పేడ వేస్తుంది. అందులో కొంత పిడకలై పొయ్యిలోకి పోతున్నది. తక్కినది గోడవార కుప్పపడి, వానకు సారమంతా కారి మురుగులో కలుస్తున్నది. కనుక విత్తనాల సంగతి తరువాత. ముందు గుంట తీయండి.

పెరటి మటుకు అయితే రెండు గజాల పొడవు, గజం వెడల్పు, గజం లోతు చాలు. నీరు నిలవని మెరకన, చెట్టు నీడన ఉండాలి. పశువులు వదిలేసిన చొప్ప, రాలిన ఆకు, కూరగాయల తొక్కలు జానెడు మందాన పరచి, పైన పేడనీళ్ళు చల్లండి. గేదె మూత్రంతో తడిసిన కొట్టం మట్టిని పారవేయకండి, నత్రజని అందులో బాగా ఉంటుంది. ఇలా వరుసలు వేసి, నిండాక మట్టి, పేడ కలిపి మెత్తండి. నాలుగు నుంచి ఆరు నెలలకు మాగుతుంది. నల్లగా పొడిపొడిగా ఉండి, తొలివానకు లేచే మట్టివాసన వస్తే మాగినట్టు. పేడ కంపు ఉంటే ఇంకా ఆగాలి.

పచ్చిపేడే వేస్తే ఏమని అడుగుతారు. వేరుపురుగు చేరుతుంది, వేడికి లేతవేళ్ళు మాడతాయి, గేదె తిన్న గడ్డిగింజలు మొలుస్తాయి. ఆకుకూరలకు పచ్చిపేడ అంటితే రోగాలు మన కంచంలోకే వస్తాయి.

ఇక అసలు సంగతి. చిక్కుడుకు పేనుబంక పడితే, పత్తికి కొట్టగా మిగిలిన మందు తెచ్చి కొట్టే ఇళ్ళున్నాయి. మందు కొట్టాక కోతకు ఎన్నాళ్ళు ఆగాలో డబ్బామీద రాసేది ఆ పంటకే. పత్తిమందుకు చిక్కుడు లెక్క ఉండదు. మనమేమో రోజు విడిచి రోజు కాయ కోస్తాం, ఆ తీగె గేదెకు వేస్తాం. కొన్ని విషాలు కొవ్వులో కరిగి ఒంట్లో నిలిచి, పాలలోకి దిగుతాయి. డి.డి.టి. అటువంటిదే. దానిని సేద్యంలో 1989లో నిషేధించారు. బి.హెచ్.సి.ని 1997లో ఆపారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. డి.డి.టి., బి.హెచ్.సి.ల అవశేషాలు మన దేశపు పాలలోనే పరీక్షల్లో బయటపడ్డాయి. ఏ వెన్న శాతం చూసి మనకు డబ్బు కడుతున్నారో, ఆ వెన్నలోనే అవి దాగేవి. నేటి మందులన్నీ అంత మొండివి కావు. అయినా పసిపిల్లలు తాగే పాలతో పరీక్షలెందుకు?

పేనుబంక కనిపించగానే కొసలు తుంచి, నీళ్ళు గట్టిగా చిమ్మండి. తగ్గకపోతే 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పిండి, వడకట్టి, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి. ఇది గంటలో చంపే మందు కాదు, వారం ఆగి మళ్ళీ చల్లాలి. కొంత కాయ పోతుంది, పోనివ్వండి. ఎర్రని వీపుమీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగును మాత్రం చంపకండి, అది పేనుబంకను తిని బతుకుతుంది.

మొదటిసారి వేసేవారు తోటకూరతో మొదలుపెట్టండి, నెల తిరక్కుండా కూరకు వస్తుంది. ఆ వెనుక గోంగూర, బెండ, పందిరికి ఒక బీరపాదు. కరివేపాకుకు పుల్లమజ్జిగ మంచిదంటారు. పాలు కేంద్రానికి పోసి మజ్జిగ చెట్టుకా అని అత్తగారు అంటే, చల్లకుండ కడిగిన నీళ్ళయినా పోయండి.

సంక్రాంతిలోగా నింపిన గుంట తొలకరికి చేతికి వస్తుంది. చోటు విషయంలో అనుమానం ఉన్నవారు సమావేశం అయ్యాక ఆగండి, మీ పెరడు చూసే చెబుతాను.