గోంగూర ఎప్పుడు పూయాలి?

కూరగాయల ప్రజననంలో తలపండిన పెద్దలున్న ఈ సదస్సుకు అధ్యక్షుడిగా, మనందరికీ తెలిసినదే అయినా, గట్టిగా పట్టించుకోని ఒక్క విషయం గురించే మాట్లాడతాను: ఆకుకూర పూతకాలం.

అక్టోబరులో విత్తిన గోంగూర మడిలోకి దిగి చూడండి. మొక్క మూరెడు ఎత్తయినా ఎదగకముందే ఆకు పంగల్లో మొగ్గలు కనిపిస్తాయి. పై ఆకులు చిన్నవై, సన్నబడతాయి. కాడ పీచు పడుతుంది. ఇంకొన్నాళ్లకు గుండెలో ముదురు ఎరుపుతో లేత పసుపు పూలు విచ్చుకుంటాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ ఆ రైతుకు కోయడానికి ఆకు మిగలదు. అదే విత్తనం ఎండాకాలంలో పడితే నెలల తరబడి ఆకు ఇస్తుంది. గోంగూర పగలు తగ్గుతున్నప్పుడు పూసే మొక్క కావడమే ఇందుకు కారణం. హైదరాబాదులో పగటి పొడవు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటల పైచిలుకు. లండన్‌లో ఇది 8 గంటల లోపు నుంచి 16 గంటల పైదాకా మారుతుంది. మన మొక్క ఆ రెండు గంటల తేడాలోనే సంవత్సరం మొత్తాన్నీ చదువుకుంటోంది.

పగటి పొడవు పూతను నడిపిస్తుందని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ చూపారు. ఆకులో తయారై కొనకు చేరే పూత సంకేతం ఒకటి ఉండాలని 1930లలో రష్యాలో చైలాఖ్యాన్ ప్రతిపాదించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఎఫ్‌టీ అనే ప్రొటీన్ అని 2007లో తేలింది. ఆ తరువాత యూరప్, చైనా, జపాన్‌లలో పని జోరందుకుంది. చైనా క్యాబేజీ జాతిలో చలి సోకేదాకా పూతను ఆపి ఉంచే ఎఫ్‌ఎల్‌సీ జన్యువు నాలుగు నకళ్లుగా ఉంటుంది. మన పాలకూరకు దగ్గరి చుట్టమైన చక్కెర బీట్‌లోనైతే ఎఫ్‌టీ జన్యువులు రెండు: ఒకటి పూతను తెస్తుంది, రెండోది చలికాలం గడిచేదాకా దాన్ని అడ్డుకుంటుంది.

ఇవన్నీ చలినీ పెద్ద పగళ్లనూ ఎదురుచూసే మొక్కల లెక్కలు. వీటిని గోంగూరకు యథాతథంగా దించుకుంటే దెబ్బతింటాం. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్‌లో పెద్ద పగలు రాగానే పూతను రప్పించే జన్యువు ఒకటుంది. దాని తోబుట్టువే వరిలో పెద్ద పగలు పూతను ఆపుతుంది. జన్యువు ఒకటే, పని తారుమారు.

మనకు అసలు దారి చూపేది సోయా అని నా నమ్మకం. అదీ చిన్న పగళ్లకు పూసే పంటే. భూమధ్యరేఖకు దగ్గరైన బ్రెజిల్ ప్రాంతాల్లో మొక్క ఎదగకముందే పూసేసి దిగుబడి పడిపోయేది. పగలు చిన్నదైనా కొంత వయసు వచ్చేదాకా పూతకు దిగని 'దీర్ఘ బాల్యదశ' గుణం ఉన్న రకాలు దొరికాకే అక్కడ సోయా నిలదొక్కుకుంది. చలికాలపు గోంగూరకు కావలసింది అచ్చంగా ఇదే. పూత అసలే వద్దంటే విత్తనం ఎక్కడిది? కొంచెం ఆలస్యమైతే చాలు.

ఆ గుణం మన ఊళ్లలోనే ఉండవచ్చు. గోగునార కోసం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరతరాలుగా ఈ జాతిని పండించారు. పూత ఆలస్యమైతే నార పొడవు పెరుగుతుంది కాబట్టి, నార రైతుకూ ఆకు రైతుకూ ఇక్కడ కోరిక ఒకటే. ఆమదాలవలస పరిశోధనా స్థానంలో గోగు మీద జరిగిన పనిని ఆకుకూర కోణంలో మళ్లీ చూడాలి.

విత్తనం కట్టే పద్ధతినీ సరిదిద్దాలి. ఆకు కోత అయ్యాక, ముందు పూసిన మొక్కలనే విత్తనానికి వదిలేయడం చాలాచోట్ల అలవాటు. అలా ఏటేటా త్వరగా పూసే గుణాన్నే మనం ఏరుకుంటున్నాం. గోంగూర చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి, చివరగా పూసిన మొక్కకు గుడ్డపేలిక కట్టి దాని కాయలు వేరుగా తీసుకుంటే సరిపోతుంది. పాలకూరలో అలా కుదరదు. గాలి పుప్పొడిని మోసుకుపోతుంది కాబట్టి, ముందు కాడ లేపిన మొక్కలను పూలు విచ్చకముందే పీకేయాలి.

మొదటి అడుగుకు ప్రయోగశాల కూడా అక్కర్లేదు. జిల్లాల నుంచి ఇంటి విత్తనాలు తెచ్చి, అక్టోబరు మొదట్లో ఒకేచోట విత్తి, ఒక్కో రకానికి తొలి మొగ్గ పడిన రోజు రాసుకోవాలి. జన్యువుల వేట ఆ పట్టిక చేతికొచ్చాకే. ఎవరు ఏ జిల్లా విత్తనం సేకరిస్తారో మధ్యాహ్నం విత్తన విభాగం సమావేశంలో పేర్లు ఇవ్వమని కోరుతున్నాను.