అందాజు లెక్క
(సంఘం వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు పెద్దలు పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడారు. మమ్మల్ని వంట గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ సంగతి ప్రకటించగానే వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వినా ఫరవాలేదు. భోజనాల వేళ దగ్గరపడింది గనుక వంట మాట ఎవరైనా వింటారనే ధైర్యంతో నిలబడ్డాము.

మన ఇళ్లల్లో వంట ఎలా నేర్పుతారో మీకు తెలియంది కాదు. మా అయిదుగురిలో ఒకావిడ కొడుకు రియాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. గదిలో నలుగురు కుర్రాళ్లు, వంతులవారీగా వంట. ఒకరోజు ఫోను చేశాడు.

"అమ్మీ, ఖట్టీ దాల్‌కి చింతపండు ఎంత వెయ్యాలి?"

"అందాజుగా వెయ్యి బేటా."

"నీళ్లు?"

"చూసి పొయ్యి."

"ఎంతసేపు ఉడకాలి?"

"అయ్యేదాకా."

ఆ పిల్లాడు ఫోను పెట్టేసి హోటలుకు పోయాడు. ఈ సంగతి మాకు చెబుతూ ఆవిడ నవ్వింది గాని, కాసేపాగి, "వాడు అడిగింది తప్పు కాదు ఆపా. నా చేతికి తెలుసు, నోటికి తెలియదు" అన్నది. అప్పుడు మేమెవరమూ నవ్వలేదు. మా పిల్లలు అడిగినా మా జవాబు అదే గదా.

ఆవిడ ఇంట్లోనే ట్రంకుపెట్టె అడుగున ఒక పాత నోటుబుక్కు ఉంది. వాళ్ల నానీ రాసుకున్నది. నానీ హైదరాబాదు పిల్ల, గుంటూరుకు కోడలుగా వచ్చింది. వచ్చేటప్పుడు పుట్టింటి వంటలన్నీ ఉర్దూలో రాసి తెచ్చుకున్నది. ఆ పుస్తకం ఆమె కూతురికి వచ్చింది. ఇప్పుడు ఆ కూతురికి ఎనభై దాటాయి. నాలుగైదేళ్లుగా జ్ఞాపకం సరిగా లేదు. పుస్తకం చేతికిస్తే పేజీలు తిప్పుతారు, నిమురుతారు, చదవరు. మనవరాలు, అంటే మా స్నేహితురాలు, తెలుగు మీడియంలో చదువుకున్నది. ఆమె పిల్లలు ఇంగ్లీషు మీడియం. ఇంట్లో అందరూ ఉర్దూ మాట్లాడతారు, చదవడం ఎవరికీ రాదు. మాలో మిగతా నలుగురిదీ అదే పరిస్థితి. ఇక్కడ కూర్చున్నవారిలో కూడా చాలా ఇళ్లల్లో ఇంతేనని అనుకుంటున్నాము.

మా వీధిలో ఉర్దూ మాస్టారుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన్ను వెళ్లి అడిగాము. "వంటలు చదవడానికి నేనా?" అన్నారు గాని మర్నాడే కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చారు. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన హాల్లో కూర్చుని చదవడం, మేము తెలుగులో రాసుకోవడం, ఒక్కొక్క వారం ఒకరి వంటింట్లో అది వండి చూడడం, ఇదీ మా ఏర్పాటు. మొత్తం ముప్పయ్యొక్క వంటలున్నాయి. ఇప్పటికి తొమ్మిది చేశాము.

నోటుబుక్కులో మూడు విచిత్రాలున్నాయి. ఏది ముందో ఏది వెనకో రాయలేదు, సామాను వరసగా రాసి ఊరుకున్నది. ప్రతి వంటా "పదిమందికి" అని ఉంది. ఉప్పు మాట ఎక్కడా లేదు. ఉప్పు వెయ్యాలని ఒకరు చెప్పాలా అనుకున్నదేమో!

మొదట ఖట్టీ దాల్‌తోనే మొదలుపెట్టాము. రియాద్ కుర్రాడి బాకీ తీర్చాలి గదా. పుస్తకంలో కందిపప్పు, చింతపండు, పసుపు అని వరసగా ఉంటే మేమూ అదే వరసలో అన్నీ ఒకేసారి కుక్కరులో వేసి మూత పెట్టాము. ఆరు కూతలు వచ్చాయి. తీసి చూస్తే పప్పు బద్ద బద్దలాగే ఉంది. మళ్లీ నాలుగు కూతలు. పలుకు పలుకే. పులుపు తగిలితే పప్పు మెత్తబడదని మాకు తెలియనిది కాదు. రోజూ ఇంట్లో ముందు పప్పు ఉడికించి తరవాతే పులుసు పోస్తాము. కాగితం చేతికి వచ్చేసరికి చేతికున్న తెలివి పోయింది. గ్యాసు దండగ చేసినందుకు ఆ ఇంటి యజమాని ఏమీ అనలేదు, చూశారు అంతే.

రెండోసారి ఇలా చేశాము, అయిదుగురికి సరిపోయింది. కందిపప్పు 200 గ్రాములు, అరచెంచా పసుపు, ఒక చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, నాలుగు గ్లాసుల నీళ్లు. మెత్తగా ఉడికాక కవ్వంతో తిప్పాలి, పలుకు మిగలకూడదు. అప్పుడు 30 గ్రాముల చింతపండును గ్లాసుడు వేణ్నీళ్లలో నానబెట్టి తీసిన పులుసు, మూడు చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు వేసి పది నిమిషాలు మరగనివ్వాలి. మన పప్పు కంటే పలచన, పప్పుచారు కంటే చిక్కన. బగార్‌కు రెండు పెద్ద చెంచాల నూనె, ఆరు వెల్లుల్లి రెబ్బలు, జీలకర్ర, మూడు ఎండుమిరపకాయలు, కరివేపాకు. వెల్లుల్లి ఎర్రబడాలి, నల్లబడకూడదు. పప్పులో పోయగానే మూత పెట్టేయాలి, ఆ వాసన బయటికి పోనివ్వకూడదు.

పుస్తకంలో ఎండుమిరపకాయలు పదిమందికి పన్నెండు. ఆ లెక్కన అయిదుగురికి ఆరు వేశాము మొదట. అది హైదరాబాదులో రాసుకున్న లెక్క, మేము వేసింది గుంటూరు మిరప! మాస్టారు రెండు ముద్దలు తిని మజ్జిగ అడిగారు. నానీ కూడా ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇలాగే ఒకసారి అందరినీ ఏడిపించి ఉంటుంది.

షీర్ ఖుర్మా సంగతి ఇంకా చిత్రం. "పాలు రెండు శేర్లు, సేమ్యా రెండు ఛటాక్‌లు" అని ఉంది. శేరంటే ఎంత? బజారులో తాతల కాలం నుంచి కిరాణా కొట్టున్న పెద్దాయనను అడిగితే, "శేరంటే 24 తులాలమ్మా, అయిదు శేర్లు వీశె" అని లెక్క కట్టి చెప్పారు. తులం 11.66 గ్రాములు, కాబట్టి శేరు 280 గ్రాములు. ఛటాక్ ఆయనకు తెలియదు. మాలో ఒకరి అమ్మాయి ఫోనులో చూసి 58 గ్రాములని చెప్పింది. సరే, అరలీటరు పైన పాలు, 116 గ్రాముల సేమ్యా. పొయ్యిమీద పెట్టిన పావుగంటకు గరిటె నిలబడింది. ఉప్మా అయింది. ఇంటిపిల్లలు దానికి షీర్ ఖుర్మా ఉప్మా అని పేరు పెట్టి ఇప్పటికీ వెక్కిరిస్తున్నారు.

చిక్కు విప్పింది మాస్టారే. "ఛటాక్ అంటే శేరులో పదహారో వంతు. 58 గ్రాములకు పదహారు రెట్లు వేయండి" అన్నారు. వేస్తే 928. కిలోకు కాస్త తక్కువ! అప్పుడు తెలిసింది, నానీ రాసింది 80 తులాల పక్కా శేరు, కొట్టు పెద్దాయన చెప్పింది మన ఆంధ్రా శేరు. పేరు ఒకటే, బరువులో మూడింతలకు పైగా తేడా. మెట్రిక్ తూకాల చట్టం వచ్చింది 1956లో. నోటుబుక్కు అంతకు ముందుది. పాపం, ఆ పిల్ల పుట్టింటి శేరు పట్టుకుని అత్తవారింటికి వచ్చి ఈ బజారులో ఎన్నిసార్లు తికమకపడిందో ఎవరు చెప్పగలరు!

ఇప్పుడు మా లెక్క అయిదుగురికి లీటరు పాలు, 60 గ్రాముల సన్న సేమ్యా. అంతకు మించి ఒక్క గుప్పెడు కూడా వద్దు, చల్లారే కొద్దీ అది పాలు తాగుతుంది. ఎండు ఖర్జూరాలు ఎనిమిది ముందురాత్రి నానబెట్టి సన్నగా తరుక్కోవాలి. బాదం, జీడిపప్పు, సారపప్పు మీ శక్తి కొద్దీ. వాటిని నేతిలో వేయించి తీసి, అదే నేతిలో సేమ్యా దోరగా వేయించాలి. పాలు సగానికి కాదు, ముప్పాతికకు మరిగితే చాలు. చక్కెర 80 గ్రాములు చాలు, ఖర్జూరం తీపి ఉండనే ఉంది.

చక్కెర మాట వచ్చింది గనుక ఒక సంగతి ఆగి చెబుతాము. మా అయిదిళ్లలో నాలుగిళ్లలో చక్కెర వ్యాధి మాత్రలున్నాయి. నోటుబుక్కులో డబల్ కా మీఠాకు పదిమందికి అరశేరు చక్కెర, అంటే తలకు 47 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు రోజు మొత్తానికి కలుపుకునే చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25కు దించితే ఇంకా మేలు. ఒక్క గిన్నెతోనే ఆ రోజు కోటా అయిపోయిందన్నమాట. అందుకని దాన్ని సగం చేసి చూశాము. అయిదుగురికి 120 గ్రాములు. రొట్టె ముక్కల్ని నేతిలో ముంచి తేల్చకుండా పెనంమీద కొద్ది నెయ్యి రాసి రెండువైపులా కాల్చాము. తినేవాళ్లకు ముందుగా చెప్పలేదు. ఒక్కరే కనిపెట్టారు, ఆయన ఎవరో చెప్పము, ముందు వరసలోనే ఉన్నారు. షుగరు ఉన్నవాళ్లు దీన్ని కూడా డాక్టరును అడిగి, నాలుగు చెంచాలతో ఆపాలి. సగం చక్కెర కదా అని రెండు గిన్నెలు తింటే లెక్క మొదటికొస్తుంది.

కద్దూ కీ ఖీర్ అందరూ చేసుకోదగినది. పావుకిలో సొరకాయ తురుము పిండి, కాస్త నేతిలో పచ్చివాసన పోయేదాకా మగ్గించి, లీటరు పాలలో వేసి, నానిన సగ్గుబియ్యం గుప్పెడు కలిపి ఉడికించాలి. వంద గ్రాముల చక్కెర, యాలకులు చివర్లో. ఒక్క జాగ్రత్త, సొరకాయ తరిగేముందు చిన్న ముక్క నాలుకమీద పెట్టి చూడండి. చేదనిపిస్తే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. చేదు సొరకాయ విషం, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఖూబానీలు కొట్టి లోపలి పప్పు మీద చల్లుకునేవాళ్లు కూడా ఇదే పద్ధతి పాటించాలి, చేదు పప్పు వాడకూడదు. ఖూబానీ కా మీఠా ఎలాగూ రోజూ చేసేది కాదు, ధర అలాంటిది.

టమాటే కా కుట్ మాకు అన్నిటికంటె నచ్చింది. కూరలేని రోజున ఇల్లు గట్టెక్కిస్తుంది. 2023 జూలైలో టమాటా ధరలు మండిపోయినప్పుడు కాదు లెండి, కాయ చవకగా దొరికే రోజుల్లో. కిలో పండు టమాటాలు, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, కొత్తిమీర కాడలు రెండు గ్లాసుల నీళ్లతో ఉడికించి జల్లెడ పట్టాలి. రెండు పెద్ద చెంచాల శనగపిండి కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక, చన్నీళ్లలో కలిపి పోయాలి. వేడి రసంలో పిండి నేరుగా వేస్తే ఉండలు కడుతుంది, మేము ఏరుకున్నాము. పావుగంట సన్నసెగమీద మరిగాక బగార్ పెట్టి, ఉడికించిన కోడిగుడ్లు సగానికి కోసి వేయాలి.

ఈ కుట్ చేసిన రోజు ఒక గిన్నెలో పోసి ఆ ఎనభై దాటిన తల్లి దగ్గరికి తీసుకెళ్లాము. ఈమధ్య ఆమె కూతుర్ని కూడా ఒక్కోరోజు ఎవరు నువ్వు అంటున్నారు. రెండు ముద్దలు కలిపి తినిపించింది కూతురు. ఆమె నెమ్మదిగా నమిలారు. మూడో ముద్దకు చెయ్యి అడ్డం పెట్టి, "నమక్ కమ్ హై" అన్నారు. ఉప్పు తక్కువైంది. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాము. రుచి చూస్తే నిజమే, తక్కువే. చిటికెడు వేసి కలిపి పెడితే గిన్నె మొత్తం తిన్నారు. మా కాగితంలో ఆ రోజే రాసుకున్నాము: ఉప్పు, ఒకటింపావు చెంచా.

రియాద్ కుర్రాడికి ఖట్టీ దాల్ కాగితం ఫొటో తీసి పంపాము. గదిలో మిగతా ముగ్గురు కూడా తిన్నారట. కుట్ కూడా పంపమన్నాడు.

ఇక మా విన్నపం. మీ ఇళ్లల్లో ఇలాంటి నోటుబుక్కులు, విడి కాగితాలు, ఉత్తరాల వెనక రాసినవి ఏమున్నా తీసుకురండి. మాస్టారు చదవడానికి ఒప్పుకున్నారు. పుస్తకం లేకపోయినా ఇంట్లో పెద్దావిడ ఉంటే చాలు, ఆమె గుప్పెట్లోది మేము తక్కెట్లో పోసి తూస్తాము.

ఇంకొకటి. నానీ పుస్తకంలో ఆఖరి పేజీ సగం పురుగు తినేసింది. పైన వంట పేరులో "మీఠా" అన్న మాట ఒక్కటే మిగిలింది. పాలు పావుశేరు, బొంబాయి రవ్వ మూడు ఛటాక్‌లు, కోడిగుడ్లు నాలుగు, నెయ్యి, కుంకుమపువ్వు అని ఉంది, ఆ కింద ఏమీ లేదు. మా అయిదుగురిలో ఎవరమూ ఇది తిని ఎరగము. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటిది చేసేవారేమో, భోజనాల దగ్గర మాకు చెప్పండి. మేము ఎడమవైపు బల్ల దగ్గర ఉంటాము.